మలివయసులో మళ్లీ ట్రయథ్లాన్ : అర్ధశక్తి సూత్రం

ఈత, సైకిలు, పరుగు - ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటిగా, మధ్యలో విశ్రాంతి లేకుండా పూర్తి చేయవలసిన పోటీయే ట్రయథ్లాన్. 1974లో అమెరికాలోని శాన్‌డియాగో నగరంలో పుట్టిన ఈ క్రీడ 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్‌లో చోటు సంపాదించుకొన్నది. ఒలింపిక్ దూరం అంటే ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగాన్ని స్ప్రింట్ అంటారు. మన దేశంలో 2019లో గోవాలో ప్రారంభమైన అర్ధ ఐరన్‌మాన్ పోటీలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. పాల్గొనేవారిని అయిదేసి సంవత్సరాల వయోవర్గాలుగా విభజిస్తారు. కనుక 57 ఏళ్ల వ్యక్తి 55-59 వర్గంలోని తన యీడువారితోనే పోటీపడతాడు. ఉద్యోగ బాధ్యతలతోనో, మోకాలి నొప్పితోనో పదేళ్ల క్రితం ఈ క్రీడను విడిచిపెట్టినవారు తిరిగి రావడానికి ఈ ఏర్పాటు గొప్ప ఆకర్షణ.

మేడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 2012లో, 82 ఏళ్ల వయసున, పూర్తి ఐరన్‌మాన్ ముగించారు. జపాను దేశీయుడు హిరోము ఇనాడా 2018లో 85 ఏళ్లకు హవాయి ప్రపంచ పోటీని పూర్తి చేశారు. వీరిని ఆదర్శంగా చూపేవారు ఒక సంగతిని గమనించరు. ఆమె పరుగు మొదలుపెట్టినది 48వ ఏట; ఆయన ఈ క్రీడలో అడుగుపెట్టినది డెబ్బయ్యో పడిలో. యౌవనంలో తాము ఎంత వేగంగా పరుగెత్తామో గుర్తు చేసుకొని బాధపడవలసిన అవసరం వారికి లేదు. విరామం తరువాత తిరిగి వచ్చేవారికి ఆ జ్ఞాపకమే మొదటి శత్రువు. నలభయ్యో ఏట కిలోమీటరును అయిదు నిమిషాలలో పరుగెత్తిన మనిషి యాభై అయిదో ఏట ఆరున్నర నిమిషాలు పడితే తనకేదో లోపం ఉన్నదనుకొని మరునాడు మరింత శ్రమిస్తాడు. గాయాలు అక్కడినుండే మొదలవుతాయి.

వ్యాయామాన్ని అర్ధశక్తితో చేయాలని ఆయుర్వేద శాస్త్రం నిర్దేశించింది. ఏ శక్తిలో అర్ధం? నేడు ఉన్న శక్తిలో. పదేళ్ల క్రితం ఉన్నదానిలో కాదు. దీనిని కొలవడానికి సుశ్రుతుడు చెప్పిన లక్షణం చాలా సులువైనది. శ్వాస ముక్కుతో చాలక నోటికి చేరినప్పుడు సగం బలం ఖర్చయినట్లు గ్రహించాలి. నుదుట, ముక్కుపైన, చంకలలో, కీళ్లవద్ద చెమట పట్టడం కూడా ఇందుకు గుర్తు. పక్కవారితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగినంత వేగంతోనే అధిక భాగం సాధన సాగాలని నేటి క్రీడా శిక్షకులు చెప్పే మాటకూ దీనికీ భేదం లేదు. చేతి గడియారంలో గుండె వేగాన్ని చూసుకొనే అలవాటున్నవారు 208 నుండి తమ వయసులో పదింట ఏడు వంతులను తీసివేస్తే గరిష్ఠ వేగం ఉరమరగా తెలుస్తుంది. 55 ఏళ్లవారికి అది 170కి దగ్గర. రక్తపోటుకు మందులు వాడేవారికి ఈ లెక్క తప్పవచ్చు. వారికి నోటి శ్వాస గుర్తే మేలు.

ఇక్కడ ఒక శాస్త్రవచనాన్ని దాచి వ్రాయడం న్యాయం కాదు. వ్యాయామం చేయకూడనివారిలో బాలురు, అజీర్ణరోగులతోబాటు వృద్ధులను కూడా వాగ్భటుడు చేర్చాడు. వార్ధక్యం ఎప్పుడు మొదలవుతుందన్నదానిపై ఆచార్యులకు ఏకాభిప్రాయం లేదు. చరకుడు అరవై అన్నాడు. సుశ్రుతుడు డెబ్బై అన్నాడు. వాగ్భటుని నిషేధం ధాతువులు క్షీణించి, వాతం ప్రకోపించిన దేహానికి సంబంధించినదని మా అభిప్రాయం. కదలక కూర్చుంటే కండరం తరిగిపోతుందని, ఏడు పదుల తరువాత కూడా సాధనతో దానిని కొంత తిరిగి పొందవచ్చునని నేటి పరిశోధన స్పష్టం చేసింది. అయినా ఆ హెచ్చరికను కొట్టివేయనక్కరలేదు. వయసుతో వాతం పెరుగుతుందన్న మాటను కోలుకోవడానికి పట్టే కాలం పెరుగుతుందన్న అర్థంలో తీసుకొంటే అది అక్షరాలా సత్యం. యువకుడు కఠిన సాధన తరువాత ఒక్క రోజు ఆగితే చాలు. యాభై దాటినవారికి రెండు మూడు రోజులు కావాలి.

మరో చిక్కు ఉన్నది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికి వస్తాయి. ఆరు వారాలలోనే ఆయాసం తగ్గి ఉత్సాహం పుంజుకొంటుంది. మడమను పిక్కతో కలిపే పట్టె, మోకాటి బంధనాలు మాత్రం బలపడటానికి నెలలు తీసుకొంటాయి. ఊపిరి సై అంటున్నది కదా అని పరుగు పెంచితే ముందుగా దెబ్బతినేవి ఇవే. అందుచేత మొదటి మూడు నెలలు శ్వాసకు కావలసిన పనిని ఈతకు, సైకిలుకు అప్పగించి, పరుగును వారానికి మూడుసార్లు, రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడకగా ఇరవై నిమిషాలకు మించకుండా ఉంచాలి. పొద్దున మంచం దిగగానే మడమ పట్టేసినట్లుంటే ఆనాడు పరుగు మానాలి. వారానికి రెండుసార్లు గుంజిళ్లు, మెట్టు అంచున నిలబడి మడమలను నెమ్మదిగా ఎత్తి దించడం వంటివి చేయాలి. సమయం లేదని పలువురు వదిలివేసేది ఈ భాగాన్నే.

ఋతువు విషయం కూడా ఆలోచించదగినది. శీతకాలం, వసంతం వ్యాయామానికి అనుకూలమని, గ్రీష్మంలోనూ వర్షర్తువులోనూ శ్రమను విడిచిపెట్టాలని ఋతుచర్య చెబుతున్నది. గోవా పోటీ అక్టోబరు, నవంబరు నెలలలో వస్తున్నది. అంటే దానికి సిద్ధమయ్యేవారు ఎండలలో మొదలుపెట్టి వానలలో అత్యధికంగా శ్రమించాలి. మన తెలుగు నేలపై మే నెల ఎండ ఎంతటిదో చెప్పనక్కరలేదు. తిరిగి వచ్చేవారు మొదటి ఏడు ఆ పోటీ జోలికి పోకుండా, దసరా తరువాత సాధన మొదలుపెట్టి, మాఘ ఫాల్గుణాలలో ఒక స్ప్రింట్ పోటీలో పాల్గొనడం ఉత్తమం. వేసవిలో మానలేనివారు సూర్యోదయానికి ముందే ముగించాలి.

వీటన్నిటికన్న ముందు జరగవలసినది వైద్య పరీక్ష. 1985-2016 మధ్య అమెరికా ట్రయథ్లాన్‌లలో ఆకస్మిక మరణాలు, గుండె ఆగిన ఘటనలు, ప్రమాద మరణాలు కలిపి 135 నమోదు కాగా, వాటిలో 90 ఈతలోనే సంభవించాయి. బాధితులలో అత్యధికులు పురుషులు. వయసు పెరిగినకొద్దీ ముప్పు హెచ్చింది. రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్ పరీక్షలు, ఇ.సి.జి., వైద్యుడు అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకొన్న తరువాతనే సాధనకు దిగాలి. శ్రమించేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే అది వాయువు అని, పిత్తమని ఇంటివైద్యం చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొలనులో ఎంత ఈది ఉన్నా, చెరువులోనో సముద్రంలోనో తోడు లేకుండా ఈదరాదు. ఇంట్లోవారు ఈ ఒక్క విషయంలో పట్టుబట్టడం తప్పు కాదు.

ఆహారంలో మన ఇళ్లలో లోపించేది మాంసకృత్తులు. సాధన చేసే పెద్దవారికి శరీర బరువులో కిలోకు 1.2 గ్రాములైనా కావాలి. 60 కిలోల మనిషికి 72 గ్రాములన్నమాట. వంద గ్రాముల పెసరపప్పులో ఉన్నవి 24 గ్రాములే కనుక, అన్నం చారుతో ఈ లెక్క తీరదు. పప్పు, పెరుగు, ఉలవలు, శనగలు, తినేవారికి గుడ్లు, చేపలు మూడు పూటలా ఉండాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. దాహానికి ఉప్పు కలిపిన పల్చని మజ్జిగ, నిమ్మరసం మంచివి. మూడు నాలుగు గంటల శ్రమలో దాహాన్ని మించి ఉత్త మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మతిభ్రమ కలుగుతాయి. సాధనలో వాడి చూడని పానీయాన్ని పోటీనాడు ముట్టరాదు.

వ్యాయామానంతరం ఒళ్లంతా సుఖంగా మర్దించాలని శాస్త్రం. గోరువెచ్చని నువ్వుల నూనెతో పిక్కలు, తొడలు, భుజాలు పావుగంట మర్దించి వేడినీళ్ల స్నానం చేస్తే బిగువు సడలి నిద్ర బాగా పడుతుంది. వాచిన చోట, జ్వరంలో, అజీర్ణంలో ఇది పనికిరాదు.

అశ్వగంధను చాలామంది అడుగుతారు. కొందరికి బలాన్ని, నిద్రను ఇవ్వవచ్చు. కాలేయానికి హాని చేసిన సందర్భాలు కూడా వైద్య పత్రికలలో నమోదయ్యాయి. థైరాయిడ్ మందులు వాడేవారు వైద్యుని అడగకుండా తీసుకోరాదు. ఊరూ పేరూ లేని బలవర్ధక చూర్ణాలలో స్టెరాయిడ్లు కలిపే ప్రమాదం ఉన్నది. అవి దేహంలో దొరికితే, తెలియక తిన్నానన్నా, ఔత్సాహిక క్రీడాకారుడైనా బాధ్యుడు అతడే. పోటీకి ముందు ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకొనే అలవాటు ఇంతకన్న చెడ్డది. చెమటతో నీరు తగ్గిన దేహంలో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మాత్ర లేనిదే నడవలేని మోకాలు ఆనాడు ఇంట ఉండవలసినదే.