డబ్బా కొనే ముందు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన క్రియేటిన్ సప్లిమెంటు డబ్బా ఫోటో చూశాను. అది తాగితే సర్వీసు స్పీడు పెరుగుతుందా అని అడిగావు. పెరగదు. టెన్నిస్ ఆటగాళ్లకు ఇచ్చి కొలిచి చూశారు, సర్వీసు వేగంలో తేడా రాలేదు. బరువులెత్తేవాళ్లకైతే కొంత పనికొస్తుంది, ఆ మాట కాదనను.

నీ వేగం ఎక్కడ పోతోందో నువ్వు పంపిన సర్వీసు వీడియోలోనే తెలుస్తోంది. మోకాళ్లు వంచుతున్నావు, బాగుంది. కానీ వంచి, ఒక్క క్షణం ఆగి, నిటారుగా లేచాక చేత్తో కొడుతున్నావు. నేలను తన్నిన బలం కాళ్ల నుంచి నడుముకు, భుజానికి, రాకెట్‌కు తెగకుండా అందాలి. మధ్యలో ఆగావా, ఆ లోటంతా భుజం మోయాల్సిందే.

మణికట్టు విసరమని అందరూ అరుస్తారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రూస్ ఎలియట్ బృందం 1995లో ప్రచురించిన లెక్క వేరు: బంతిని తాకేటప్పుడు రాకెట్‌కున్న వేగంలో సగానికి పైగా పైచేయి భుజం దగ్గర లోపలికి తిరగడం వల్లే వస్తోంది. మణికట్టు వాటా మూడోవంతు లోపే. గ్రిప్ మార్చమని నేను పోరేది ఇందుకే. సుత్తి పట్టినట్టు పట్టు. రాకెట్ వీపు వెనక్కి జారి, అంచు బంతి వైపు పెట్టి పైకి లేవాలి. తాకబోయే ముందు చెయ్యి తిరిగి తీగలు బంతికి ఎదురవ్వాలి. నీ తీగలు మొదటి నుంచీ బంతినే చూస్తున్నాయి, ఇక తిరగడానికేం మిగిలింది?

అమెరికా ఆటగాడు ఇస్నర్ 2016 డేవిస్ కప్‌లో గంటకు 253 కిలోమీటర్ల సర్వీసు కొట్టాడంటావు. ఆరడుగుల పదంగుళాల మనిషి, అంత ఎత్తు నుంచి కొడితే బంతి నెట్ దాటి బాక్సులో పడే దారి వెడల్పవుతుంది. ఆ ఎత్తు లేని నీకు బంతిని బాక్సులోకి దించడానికి స్పిన్నే దిక్కు.

డబ్బాతో ఇంకో చిక్కుంది. టెన్నిస్ తార సిమోనా హాలెప్ 2022 యూఎస్ ఓపెన్‌లో రోక్సాడుస్టాట్ అనే రక్తహీనత మందుతో డోపింగ్ పరీక్షలో దొరికింది. కలుషితమైన సప్లిమెంటు ద్వారా అది ఒంట్లో చేరిందని 2024లో క్రీడా న్యాయస్థానం ఒప్పుకుని, నాలుగేళ్ల నిషేధాన్ని తొమ్మిది నెలలకు తగ్గించింది. అప్పటికే దాదాపు ఏడాదిన్నరగా ఆమె ఆటకు దూరం. ఆమెకు లాయర్లున్నారు, మనకెవరున్నారు? నీ డబ్బా మీద 'స్పెషల్ బ్లెండ్' అని తప్ప ఏది ఎన్ని గ్రాములో కూడా లేదు. దాని బదులు మ్యాచ్ రోజు మూడు గంటల ముందు అన్నం తిను, ఎండ్లు మారేటప్పుడు అరటిపండు, ఉప్పేసిన మజ్జిగ.

ఈసారి వీడియో పక్క నుంచి తీయించు. పాదాలు కనబడాలి, తమ్ముడు మోకాళ్ల దగ్గరే కోసేశాడు.

పెదనాన్న