కార్బన్ ఫైబర్ బ్యాక్ కవర్ కొంటున్నారా? ముందు కాంపోజిట్ అంటే ఏంటో తెలుసుకోండి

ఆ మధ్య ఆన్‌లైన్‌లో "కార్బన్ ఫైబర్" అని చూసి ఒక బ్యాక్ కవర్ కొన్నా. పండక్కి మా ఊరు బెల్లంపల్లి వెళ్లినప్పుడు దాని అంచు లేచింది. చూస్తే లోపల మామూలు ప్లాస్టిక్, పైన గళ్ల డిజైన్ స్టిక్కర్! మీరు అలా మోసపోవద్దనే ఈ ఆర్టికల్.

కాంపోజిట్ అంటే ఏంటి?

రెండు వేర్వేరు పదార్థాలు కలిసి, ఏ ఒక్కటీ విడిగా చేయలేని పని చేస్తే అది కాంపోజిట్. మా దగ్గర పాత మట్టి గోడ పగిలితే లోపల గడ్డి కనిపిస్తుంది. ఒట్టి మట్టి ఎండితే పగుళ్లిస్తుంది, గడ్డి దాన్ని పట్టి ఉంచుతుంది. కార్బన్ ఫైబర్‌దీ ఇదే లెక్క. గడ్డి బదులు సన్నని పోగులు, మట్టి బదులు ఎపాక్సీ రెసిన్. లాగుడును పోగులు తట్టుకుంటాయి, రెసిన్ వాటిని కదలకుండా పట్టుకొని బరువును అన్నింటికీ పంచుతుంది.

అసలు లాభం బరువులోనే

ఒక ఘన సెంటీమీటర్ స్టీల్ సుమారు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7, కార్బన్ ఫైబర్ కాంపోజిట్ దాదాపు 1.6 మాత్రమే. కాకపోతే బలం పోగులు ఉన్న దిశలోనే ఎక్కువ. అందుకే పొరలను వేర్వేరు దిశల్లో పేరుస్తారు.

ఈ తేలికదనం విలువ మన హైదరాబాద్‌లోనే కనిపించింది. అగ్ని క్షిపణి కోసం డీఆర్‌డీఓ తేలికైన కాంపోజిట్ తయారుచేసింది. నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకరు దాన్ని చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారని, తనను ఆసుపత్రికి తీసుకెళ్లారని అబ్దుల్ కలాం చెప్పేవారు. అక్కడ పిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. 3 వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు పరుగెత్తారు, తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు.

మీ ఫోన్‌లో ఎక్కడుంది?

లోపల మదర్‌బోర్డ్ చూడండి. ఎక్కువగా వాడేది ఎఫ్‌ఆర్-4 రకం, అంటే గ్లాస్ ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ కలిసినది. అది కరెంట్‌ను పారనివ్వదు, సోల్డరింగ్ వేడిని తట్టుకుంటుంది.

కొనే ముందు ఇవి చూడండి

1. "ఫినిష్", "టెక్స్చర్", "ప్యాటర్న్" అని ఉంటే అది డిజైన్ మాత్రమే.
2. అసలు కార్బన్ ఫైబర్ కరెంట్‌ను పారనిస్తుంది. ఫోన్ వెనకంతా కప్పితే సిగ్నల్ తగ్గొచ్చు, వైర్‌లెస్ చార్జింగ్‌కూ ఇబ్బందే.
3. అరామిడ్ ఫైబర్‌కు ఆ సమస్య లేదు. చూడ్డానికి అలాగే ఉంటుంది, కవర్‌కు అదే బెటర్.

ఒక మైనస్ కూడా ఉంది. గట్టిపడిన ఎపాక్సీని మళ్లీ కరిగించలేం, కాబట్టి రీసైక్లింగ్ కష్టం. అందుకే కొంటే ఎక్కువ కాలం వాడేలా కొనండి, నాలాగా స్టిక్కర్‌కు డబ్బులు పెట్టకండి.