ఓడలో భోజనము, ఒడలికి క్షేమము

ఆరోగ్య ప్రశ్నోత్తరములు

సింగరాయకొండలో వైద్యము చేయుచున్న నాకు మిరపఘాటుచే వచ్చు దగ్గును గూర్చియు, పత్తిచేలలో పురుగుమందు చల్లినవారి తలతిప్పును గూర్చియు ఉత్తరములు వచ్చుట పరిపాటియే కాని, సముద్రవిహారమును గూర్చి ఒక్క నెలలో ఐదు ఉత్తరములు వచ్చుట ఇదియే ప్రథమము. మన కోస్తాకు సముద్రయానము క్రొత్తది కాదు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు విదేశవర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించిన మోటుపల్లి రేవు మనకు ఎంతో దూరమున లేదు; రంగూనునకు కూలికై పోయిన తెలుగువారు వేలసంఖ్యలో ఓడలెక్కిరి; ఈ ప్రాంతమువారేయైన టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిష్టరు చదువుకై 1904లో సీమకు ఓడమీదనే పోయిరి. ఐనను వారందరును బ్రతుకుదెరువుకో, బేరమునకో, చదువునకో పోయినవారు. విహారమునకై, అనగా పనిలేక తినుచు కూర్చుండుటకై, ఓడనెక్కుట మాత్రము మనకు నిజముగ క్రొత్త. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ నౌక చెన్నై నుండి విశాఖపట్టణమునకు వచ్చినది మొదలు, 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు విహారనౌకలకై టెర్మినల్ ప్రారంభమైనది మొదలు, నేనెరిగిన కుటుంబములలోనే దూరదేశముల నున్న పిల్లలు తలిదండ్రులకు ఓడ టిక్కెట్లు కొనిపెట్టుట కానవచ్చుచున్నది. సంతోషింపదగిన విషయమే. పోయిరండు, ఐతే ఎట్లు తినవలెనో, ఎట్లు తిరుగవలెనో తెలిసికొని పోవుడు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడను, వయస్సు 66. పదునొకండేండ్లుగ మధుమేహము కలదు; ఉదయము గ్లిమెపిరైడ్, రెండుపూటల మెట్‌ఫార్మిన్ వేసికొనుచున్నాను. సింగపూరులో నున్న మా అబ్బాయి మమ్ములను నాలుగు రాత్రులు ఓడలో త్రిప్పెదనని టిక్కెట్లు కొనినాడు. అందు ఇంచుమించు రేయింబవళ్లు భోజనము దొరకునట. సొమ్ము ముందే కట్టితిమి గనుక తినకున్న నష్టమని వాడును, తినిననే నష్టమని మా ఆవిడయు వాదులాడుచున్నారు. ఎవరి మాట వినవలెను? — సింగరాయకొండ నుండి ఒక పాఠకుడు.

జవాబు: మాష్టారూ, మీ ఆవిడగారి మాటయే వినుడు. ఇంటిలో మనము మితముగ తినుటకు మన నిగ్రహమొక్కటే కారణమని యనుకొందుము గాని అది నిజము కాదు. ఇంటి గిన్నెకు అడుగున్నది; కూర అయిపోవును. వడ్డించు ఇల్లాలికి ఇంకను తినవలసినవారు ఎందరున్నారో తెలియును. మజ్జిగ పోసికొనినచో భోజనము ముగిసినదని నాలుకకు చిన్ననాటి నుండి అలవాటైయున్నది. చేయి కడిగికొనిన పిదప మరల కంచము ముందు కూర్చుండువాడు లేడు. ఈ కట్టుబాట్లన్నియు ఓడలో ఒక్కమారుగ తెగిపోవును. అచ్చట గిన్నెకు అడుగు కనబడదు. అది తరుగకమునుపే నింపబడును. మజ్జిగతో ముగింపు లేదు. చేయి కడిగికొనిన రెండు గంటలకే తేనీటితోడి పలహారములు పిలుచుచుండును. ఇంతియేకాక, ఒక రుచితో కడుపు నిండినవానికి సైతము వేరొక రుచి కనబడగనే కోరిక క్రొత్తగ పుట్టుట శరీరధర్మము. అన్నము చాలుననినవాడు జిలేబిని చూచి చేయి చాచుట పెండ్లిపందిళ్లలో మనమెరిగినదే. పదార్థముల సంఖ్య పెరిగినకొలది మనిషి తిను పరిమాణమును పెరుగునని పోషకాహార శాస్త్రజ్ఞులు ప్రయోగములచే చూపియున్నారు. కావున ఓడలో అధికముగ తినుట గుణదోషమని నేననను. కట్టుబాటు లేనిచోట ఎవరైనను అట్లే తిందురు. పోవునపుడు మన ఇంటి కట్టుబాటును వెంట గొనిపోవలెను.

ఒకనాటి ఓడలలో బాధ దీనికి పూర్తిగ విరుద్ధము. ఉప్పువేసిన మాంసము, ఎండిన రొట్టె తప్ప పచ్చని పదార్థమెరుగక నెలల తరబడి ప్రయాణము చేసిన నావికులు చిగుళ్లు వాచి, నెత్తురు కారి, స్కర్వీ వ్యాధిచే మరణించుచుండిరి. 1747లో ‘సాలిస్‌బరీ’ అను బ్రిటిషు యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అను వైద్యుడు అట్టి పండ్రెండుగురు రోగులను ఇద్దరిద్దరిగ విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క ద్రవ్యమిచ్చి పరీక్షింపగా, నారింజలును నిమ్మపండ్లును తినిన ఇద్దరు తక్కినవారందరికంటె త్వరితముగ కోలుకొనిరి. ఆనాడు అమృతప్రాయమైన ఆ పండ్లును, పచ్చికూరలును నేటి విహారనౌకలో బల్లలనిండ పరచియుండును. మనవారు వానిని దాటి వేపుళ్లకడకును, మైదారొట్టెలకడకును పోవుదురు. ఇది నాకు నిజముగ బాధ కలిగించును.

మీరు చేయవలసినది చెప్పెదను. భోజనశాలలో ప్రవేశింపగనే పళ్లెము చేత బట్టవలదు. వట్టిచేతులతో ఒకమారు బల్లలన్నియు చుట్టి, ఏమేమి యున్నవో చూచి, నేడు తినదగినవి నాలుగింటిని మనస్సున నిర్ణయించుకొని, అప్పుడు పళ్లెము తీసికొనుడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పళ్లెమున సగభాగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని చెప్పుచున్నారు. మీరు కూరలతో ఆ సగము నింపి, మిగిలిన సగములో పప్పుకో, చేపకో కొంత, అన్నమునకో పుల్కాకో కొంత చోటిండు. ఇంట రాత్రివేళ జొన్నరొట్టె తిను అలవాటు కలవారికి ఓడలో అది దొరకకపోవచ్చును. రెండు పుల్కాలతో సరిపెట్టుకొనుడు. పెరుగు దొరకినచో నీళ్లు కలిపి మజ్జిగ చేసికొని దానితోనే ముగింపుడు. ఆ మజ్జిగగ్లాసు మీ భోజనమునకు గడియ వేయును.

తీపిని పూర్తిగ నిషేధింపను. దినమున కొకటి, మధ్యాహ్న భోజనాంతమున, కొడుకుతో సగము పంచుకొని, కూర్చుండి, నెమ్మదిగ తినుడు. ఐతే తరువాత నడచి కరగించెదనను లెక్క మాత్రము వేయవలదు. ఒక గులాబ్‌జామూన్‌లో సుమారు 150 కేలరీలుండగా, అంత శక్తి వ్యయమగుటకు మీ వయస్సువారు అరగంటకు తక్కువకాకుండ వడిగ నడువవలసి యుండును. సొమ్ము కట్టితిమను మాటకు నా సమాధానమొక్కటే: మీరు సొమ్ము కట్టినది సముద్రమునకును, కొడుకుతో గడపు నాలుగు దినములకును.

ఇక అసలైన ప్రమాదము మరియొకచోట నున్నది. గ్లిమెపిరైడ్ వేసికొనువారికి అధికభోజనముకంటె ఆలస్యభోజనము త్వరగ హానిచేయును. ఓడ విశాఖ రేవున ఆగిన దినమున కైలాసగిరియో, సింహాచలమో చూచు సందడిలో మధ్యాహ్న భోజనము మూడు గంటలకు జరిగినచో, నెత్తురులో చక్కెర పడిపోయి చెమటలు, వణకు, గుండెదడ, మాట తడబాటు కలుగవచ్చును. అట్టి సమయమున మూడు చెంచాల చక్కెరయో, గ్లూకోజు పొడియో నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషముల పిదప చక్కెర పరీక్షించుకొని, ఇంకను తక్కువగ నున్నచో మరల త్రాగి, వెంటనే భోజనము చేయవలెను. ఆ చక్కెరపొట్లము మీ చొక్కాజేబులో నుండవలెను, గదిలోని పెట్టెలో కాదు. పెట్టె ప్రస్తావన వచ్చినది గనుక చెప్పుచున్నాను: ఓడనెక్కునపుడు అప్పగించిన పెట్టెలు గదికి చేరుటకు గంటలు పట్టును, మందులు, ఇన్సులిన్ వాడువారి ఇన్సులిన్, చేతిసంచిలోనే యుండవలెను. ఇన్సులిన్‌ను గడ్డకట్టు అరలో ఎన్నడును పెట్టరాదు. మీరు మద్యము ప్రసక్తి తేలేదు. ఐనను ఈ మాత్రలపై ఖాళీకడుపుతో మద్యము ప్రమాదకరమని ప్రతి పాఠకునికిని చెప్పుట నా ధర్మము.

ప్రశ్న: మా అమ్మగారికి 61 ఏండ్లు. శాకాహారి; శనివారములు ఒంటిపూట భోజనము. మాంసము వండు ఓడలో ఆమె ఏమి తినగలదని మాకు దిగులు. ఆమెయో, పులిహోర, చక్కిలములు, సున్నుండలు కట్టుకొని వచ్చెదననుచున్నది. — కందుకూరు.

జవాబు: అమ్మా, మీ తల్లిగారివంటి స్థితిలో నున్న పదునెనిమిదేండ్ల యువకుని కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1888లో బారిష్టరు చదువుకై బొంబాయిలో ఓడనెక్కిన మోహన్‌దాస్ గాంధీ, బల్లమీది పదార్థములలో ఏవి మాంసము కలియనివో అడుగుటకు సిగ్గుపడి, భోజనశాలకే పోక, ఇంటి నుండి తెచ్చుకొనిన మిఠాయిలును పండ్లును గదిలో కూర్చుండి తినుచు కాలము గడపినట్లు తన ఆత్మకథలో చెప్పుకొనినారు. ఆ వయస్సులో ఆయనకు చెల్లినది. అరువదేండ్ల తల్లికి చెల్లదు. సున్నుండలతోను చక్కిలములతోను నాలుగు దినములు గడపినచో నేయి, చక్కెర, ఉప్పు, నూనె తప్ప శరీరమునకు చేరునది స్వల్పము, మలబద్ధకము తప్పదు. మన తీరమునుండి బయలుదేరు నౌకలలో శాకాహారము ప్రత్యేకముగ వండుదురు. టిక్కెట్టు కొనునపుడే చెప్పుడు. ఎక్కిన తరువాత వడ్డించువారిని మరల అడుగుడు. అడుగుటకు ఆమె మొగమాటపడినచో మీరే అడుగుడు. శనివారము ఒంటిపూట యుండుట ఆరోగ్యవంతులకు హాని కాదు, నీరును మజ్జిగయు తగినంత త్రాగవలెను. చక్కెరమాత్రలు వేసికొనువారైతే మాత్రము నన్నడుగక ఉపవాసముండరాదు. పులిహోర మొదటి పూటకు సరిపడ తెచ్చుకొనవచ్చును. ఓడవారు బయటి ఆహారమును అనుమతింతురో లేదో ముందుగ కనుగొనుడు.

ప్రశ్న: కందుకూరు బస్సెక్కినను నాకు కడుపులో త్రిప్పును. ఓడలో నా గతి యేమి? — టంగుటూరు.

జవాబు: కన్ను చూచునది ఒకటియు, లోచెవి గ్రహించు కదలిక మరియొకటియు అగుటచే మెదడు తికమకపడి వాంతి కలుగును. కావున ఓడ నడిమిభాగమున, క్రింది అంతస్తున గది కోరుడు. ఊపు అచ్చట తక్కువ. త్రిప్పుట మొదలైనచో గదిలో పడుకొని పుస్తకము చదువక, పైకి వచ్చి నీరును ఆకసమును కలియు దూరపు గీతను చూచుచు నిలువుడు. కడుపు ఖాళీగ నుంచరాదు, నింపరాదు. ఇడ్లీ, అరటిపండు, చారన్నము వంటివి కొంచెముకొంచెముగ తినుడు. అల్లపుముక్క కొందరికి మేలుచేయును. అవోమిన్ వంటి మాత్ర వాంతి వచ్చిన తరువాత కాదు, బయలుదేరుటకు ముందే వేసికొనవలెను, దానిచే మగతకలుగును. కంటిలో నీటియొత్తిడి గలవారును, ప్రోస్టేట్ వాపు గల పెద్దలును వైద్యునడుగక వాడరాదు.

ప్రశ్న: నేను గుంటూరు మిరపయార్డులో గుమాస్తాను, వయస్సు 34, బరువు 92 కిలోలు. పగలంతయు కూర్చుండుటయే పని. ఓడలో వ్యాయామశాల ఉన్నదట. ఆ నాలుగు దినములు గట్టిగ శ్రమించి బరువు తగ్గవచ్చునా?

జవాబు: తగ్గలేవు నాయనా, అలవాటులేని దేహమును ఒక్కమారుగ శ్రమపెట్టినచో కండరములు పట్టివేసి మూడవనాటికి మంచమెక్కెదవు, గుండెజబ్బు దాగియున్నవారికి అంతకంటె కీడు కలుగవచ్చును. మిరపకోతకు పోవు కూలితల్లి పెద్దముద్దలుగ అన్నము తినును. సూర్యోదయము మొదలు వంగి కాయ కోయు ఆమె దేహములో ఆ అన్నము నిలువదు. నీవు అదే కాయకు లెక్కలు వ్రాయువాడవు. ఆమె అన్నమును నీవు తినుచున్నావు, ఆమె పనిని చేయుటలేదు. మన మెట్టప్రాంతపు ఇండ్లలో ఒక తరము క్రితము అందరును పొలమున వంగినవారే. పని మారినది, పళ్లెము మారలేదు. నా ఆసుపత్రికి వచ్చు మధుమేహరోగులలో అనేకుల కథ ఇదియే.

ఓడ ఈ విషయమున నీకు మేలే చేయగలదు. ‘ఎంప్రెస్’ నౌక రెండు వందల మీటర్లకు పైబడిన పొడవు, పదునొకండు అంతస్తులు గలది. బండి లేదు, ఆటో లేదు. లిఫ్టు ముట్టనని మొదటినాడే నిశ్చయించుకొనుము. మోకాళ్లు బాగుగనున్న నీకు మెట్లే వ్యాయామశాల. ఉదయమున సూర్యుడు నీటినుండి లేచువేళ పైఅంతస్తున అరగంట వడిగ నడువుము. ప్రతి భోజనము తరువాత పది నిమిషములు మెల్లగ నడువుము, భోజనానంతరపు నడక నెత్తురులోని చక్కెరను దించును. ఎన్ని చుట్లు తిరిగితినని లెక్కింపక ఎన్ని నిమిషములు నడచితినని లెక్కింపుము. వారమునకు 150 నిమిషముల నడకయైనను ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నాలుగు దినములలో అంతకు మించి సులభముగ నడువగలవు. తిరిగివచ్చిన తరువాత యార్డులో ఆ అరగంటను నిలుపుకొనినచో మాత్రమే బరువు తగ్గును. మధుమేహము గల పెద్దలెవరైనను ఇది చదివి నడువబోవుచో, ఎండకు కాలిన ఓడనేలపై చెప్పులు లేక అడుగిడరాదు. స్పర్శ తగ్గిన పాదములకు కాలుట తెలియదు.

ప్రశ్న: రక్తపుపోటు కలవాడను. ఓడలో అంటురోగములు వచ్చునని వింటిని, నిజమేనా? — ఒంగోలు.

జవాబు: నిజమే. నోరోవైరస్ అను సూక్ష్మజీవి వలన వాంతులు, విరేచనములు పలువురు కలిసి తిను ఓడలలో ఒక్కమారుగ వ్యాపించుట కలదు. బల్లకడ పెట్టిన చేతిద్రవము దానికి చాలదు; తినుటకు ముందు సబ్బుతో, పారు నీటిలో, 20 సెకండ్లు చేతులు కడుగవలెను. వడ్డించు గరిటెను అందరును పట్టుకొందురు గనుక, పళ్లెము నింపుకొనిన తరువాత కడుగుట మరింత మేలు. విరేచనములు పట్టుకొనినచో ఓఆర్‌ఎస్ నీరు త్రాగుచు ఓడవైద్యునకు చెప్పుడు, దాచవలదు. ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదు. సూపులు, ఊరగాయలు, అప్పడములు, చిప్స్ దూరముగ నుంచుడు. పోటుమాత్రను విహారమని మానరాదు.

ఓడప్రయాణము నిశ్చయించుకొనిన పాఠకులు పది దినములు ముందుగ, వాడుచున్న మందులన్నింటితోను, పాత చీటీలతోను వచ్చి కనబడవలెనని కోరుచున్నాను. మందుల పేర్లు, మోతాదులు పెద్ద అక్షరములతో వ్రాసి రెండు ప్రతులిచ్చెదను. ఒకటి మీ జేబులోను, ఒకటి మీతో వచ్చువారి జేబులోను ఉండవలెను.