గుణదల కొండ

విజయవాడ నగరంలో రెండు కొండలను జనం నిత్యం ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కృష్ణ ఒడ్డున ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ వెలసింది. నగరానికి తూర్పున గుణదల కొండ గుహలో మరియమాత కొలువై ఉంది. ఊరివారి నోట ఇద్దరూ అమ్మలే.

గుణదలను చూపించే పెద్దలు కథను గుణదలలో మొదలుపెట్టరు; ఫ్రాన్సు దేశంలోని లూర్దు అనే చిన్న పట్టణానికి తీసుకొని వెళతారు. 1858 ఫిబ్రవరి 11న బెర్నడెత్ అనే పద్నాలుగేళ్ల బాలిక కట్టెలు ఏరుకోవడానికి ఏటి ఒడ్డుకు వెళ్లింది. తండ్రి పిండిమర నడిపి చితికిపోయినవాడు. అక్కడి కొండగుహలో తెల్లని వస్త్రాలు ధరించిన ఒక స్త్రీమూర్తి తనకు కనిపించిందని ఆ బాలిక చెప్పింది. జూలై నెలలోపు పద్దెనిమిదిసార్లు ఆ దర్శనం కలిగిందని ఆమె వాఙ్మూలం. అధికారులు ఎంత గద్దించి అడిగినా ఆమె మాట మార్చలేదు.

తరువాత ఆ గుహ పైభాగాన గొప్ప ఆలయం లేచింది. 1876లో ప్రతిష్ఠ జరుపుకొన్న ఆ ఆలయాన్ని బసిలికా అంటారు. ఈ పదం గ్రీకు భాషది. రాజుకు సంబంధించినది అని అర్థం. రోమనులు న్యాయవిచారణకూ వ్యాపారానికీ కట్టుకొన్న విశాలమైన సభాభవనాలకు ఆ పేరు ఉండేది. నాలుగవ శతాబ్దంలో క్రైస్తవులు బహిరంగంగా ఆరాధించుకొనే స్వేచ్ఛ పొందిన తరువాత అదే కట్టడాన్ని ఆలయానికి అనువుగా మలచుకొన్నారు. నడుమ ఎత్తైన మండపం, ఇరుపక్కల స్తంభాల వరుసలు, చివర అర్ధచంద్రాకారపు గోడ, అక్కడ బలిపీఠం. నేడు ఆ బిరుదు కట్టడపు రూపాన్ని బట్టి గాక పోపు అనుగ్రహించే గౌరవాన్ని బట్టి వస్తుంది. రోమ్‌లోని నాలుగు ఆలయాలు మహా బసిలికాలు. తక్కినవన్నీ లఘు బసిలికాలే. సికింద్రాబాదులోని సెయింట్ మేరీస్ ఆలయానికి 2008లో ఈ గౌరవం దక్కింది.

అయితే లూర్దుకు వెళ్లిన యాత్రికుడు ముందు వెతికేది బసిలికాను కాదు, గుహను. ఈ మాట మనసులో ఉంచుకొన్నవారికే గుణదల అర్థమవుతుంది.

1924లో ఇటలీ దేశస్థుడైన ఆర్లాటి అనే గురువు గుణదలలోని సెయింట్ జోసెఫ్ సంస్థకు పెద్దగా ఉండేవాడు. ఆయన ఈ కొండమీది సహజమైన గుహలో మరియమాత ప్రతిమను నిలిపాడు. బెజవాడ కథోలిక మేత్రాసనం ఏర్పడింది 1937లో. అంటే పీఠం కంటే ముందే ఇక్కడ అమ్మ వచ్చిందన్నమాట. గుహలో దేవతను కొలవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మొగల్రాజపురంలోనూ ఏటి అవతల ఉండవల్లిలోనూ కొండను తొలిచిన గుహాలయాలు శతాబ్దాలుగా ఉన్నాయి. బహుశా అందుకే లూర్దుమాత ఇక్కడ పరాయిదిగా తోచలేదు.

గుహను దర్శించినవారు మెట్ల వెంట పైకి సాగుతారు. దారిలో క్రీస్తు జీవితఘట్టాలను తెలిపే ప్రతిమలు ఉన్నాయి. ఒక్కొక్క దానివద్ద జపమాల చేతబట్టి ఆగేవారు కొందరు, ఆయాసం తీర్చుకోవడానికి ఆగేవారు మరికొందరు. ఇద్దరినీ తొందరపెట్టకుండా నడిపించడమే చూపించేవారి నేర్పు. దివ్యబలిపూజ జరుగుతున్న వేళ వివరణ ఎంత విలువైనదైనా ఆపవలసిందే. శిఖరాన పెద్ద శిలువ ఉంది. అక్కడినుండి చూస్తే నగరమంతా పాదాల కింద పరచినట్లుంటుంది.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో తిరునాళ్లు జరుగుతాయి. సంక్రాంతి దాటి, ధాన్యం ఇళ్లకు చేరిన కాలమది. డెల్టా గ్రామాలనుండి లక్షల సంఖ్యలో జనం తరలివస్తారు. వారిలో క్రైస్తవులు కానివారు ఎందరో ఉంటారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు సమర్పిస్తారు. లూర్దులో ఎవరూ ఎరుగని ఈ మొక్కుబళ్లు ఇక్కడ మరియమాతకు సహజంగానే చెల్లుతున్నాయి.

స్వస్థతల గురించి అడగని యాత్రికుడు ఉండడు. మంచి మార్గదర్శి ఇక్కడ మాటను అదుపులో పెట్టుకొంటాడు. లూర్దులో 1883 నుండి వైద్యుల కార్యాలయం ఉంది. తమకు నయమైందని చెప్పుకొన్నవారు వేలమంది. లోతుగా విచారించిన పిదప దైవకృత్యాలని చర్చి అంగీకరించినవి వందకు లోపే. ఈ లెక్క విన్నవారు కొందరు నిరాశపడతారు. కాని నెలల బిడ్డను భుజాన వేసుకొని మెట్లెక్కే తల్లి ఈ లెక్క అడగదు. ఆమె మొక్కు చెల్లించడానికి వచ్చింది. గుండు చేయించిన పసివాడికి ఎండ తగలకుండా కొంగు కప్పి, గుహ ముందు కొవ్వొత్తి నిలిపి, అది గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించి, మెల్లగా కొండ దిగిపోతుంది.