కలోకో చేపల చెరువు

హవాయి అనగానే మనకు అగ్నిపర్వతాలూ, పూలదండలూ గుర్తొస్తాయి. అక్కడికి వెళ్లి చెరువు చూసి వచ్చానంటే మిత్రులు నవ్వారు. కాని హవాయి దీవి పడమటి తీరాన, కోనా ప్రాంతంలో ఉన్న కలోకో–హోనోకోహౌ జాతీయ చారిత్రక ఉద్యానవనం మన సైన్సు విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన చోటు.

ఉద్యానవనమన్నారు గదా అని పూలమొక్కలు వెతక్కండి. ఎటు చూసినా నల్లగా గడ్డకట్టిన లావాయే. దాని మధ్యనే పూర్వీకుల ఇళ్ల అరుగులు, గుడి కట్టడాలు, రాళ్లమీద చెక్కిన బొమ్మలు, కాలిబాటలు. ఏరు లేదు, వాగు లేదు. మరి ఇక్కడ జనం తరతరాలుగా ఏం తిని బతికారు?

కలోకో చెరువు సుమారు 11 ఎకరాలు. నిజానికది సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న పాయ. దాని నోటికి అడ్డంగా సున్నం, మట్టి లేకుండా రాయిమీద రాయి పేర్చి గోడ కట్టారు. పొడవు సుమారు 750 అడుగులు, వెడల్పు 30 అడుగులకు పైమాటే! సందుల్లోకి నీరు దూరిపోతుంది గనక అల తాకిడి గోడమీద పూర్తిగా పడదు. తూముకు 'మాకాహా' అనే కర్రల తడిక ఉంటుంది. పిల్లచేపలు కర్రల మధ్యగా లోపలికి వస్తాయి, నాచు తిని బలుస్తాయి, ఇక బయటికి పట్టవు. గుడ్లు పెట్టే కాలంలో సముద్రంలోకి పోదామని తూము దగ్గర అవే గుమిగూడతాయి. అప్పుడు వల వేయడమే! మేత ఖర్చన్నది లేదు. ముఖ్యంగా పెరిగేవి మల్లెట్, మిల్క్‌ఫిష్. ఈ రెండో చేపనే మన కోస్తావాళ్లు పాలబొంత అంటారు.

ఇక్కడ మడచెట్లు శత్రువులని విని ఆశ్చర్యపోయాను. కోరింగలో మనం మడచెట్లను కాపాడుకుంటాం గదా! కాని హవాయికవి 1902లో బయటినుంచి తెచ్చినవి. వేళ్లతో గోడల్ని పెళ్లగిస్తాయి. అందుకే కలోకోలో వాటిని తీసేశారు.

1974లో స్థానిక హవాయీయులు పాల్గొన్న సలహాసంఘం నివేదిక ఇచ్చింది. 1978లో చట్టం వచ్చి ఉద్యానవనం ఏర్పడింది. తర్వాత పాత పద్ధతిలోనే గోడను తిరిగి పేర్చసాగారు. సరే, గోడ నిలబడవచ్చు. నీటి మాటేమిటి? హువాలలై కొండమీద కురిసిన వాన లావాలో ఇంకి, భూమిలోపలే ప్రవహించి, తీరాన ఉప్పునీటిలో కలుస్తుంది. చెరువుకు ప్రాణం ఆ కలయికే. పైన బోర్లు పెరిగితే కింద తీపినీరు తగ్గదా? ఈ భయంతోనే ఉద్యానవన శాఖ 2013లో భూగర్భజలాన్ని ప్రభుత్వ నియంత్రణ కిందికి తెమ్మని రాష్ట్ర జలసంఘానికి అర్జీ పెట్టుకుంది. 2017లో ఆ సంఘం దాన్ని తోసిపుచ్చింది.

తీరాన లావా గుంటల్లో గోరంత ఎర్ర రొయ్యలు తిరుగుతుంటాయి. ఆ గుంటల్లోకి వచ్చేదీ అదే కొండ నీరు.