ఎవరి పాలు ఎంత? – ప్రాచీన డి.ఎన్.ఏ. లెక్క

మన డి.ఎన్.ఏ.లో ఏ పూర్వీకుల పాలు ఎన్ని శాతమో చెబుతామనే ప్రకటనలు నేడు తరచుగా కనిపిస్తున్నాయి. ఆ శాతం ఎలా కడతారు, ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ పాఠం. హైస్కూలు లెక్కలు వస్తే చాలు.

పాల లెక్క

ఆవుపాలలో ఫ్యాటు 4 శాతం, ఎనుము పాలలో 7 శాతం అనుకుందాం. రెండూ కలిపిన క్యానులో 5 శాతం వచ్చింది. రెండు పాల మధ్య తేడా 3. క్యాను ఆవుపాల కంటే 1 ఎక్కువ. కాబట్టి ఎనుము పాలు మూడో వంతు. కొలతలో 0.2 పొరపాటు ఉంటే, జవాబులో 0.2 ÷ 3, అనగా సుమారు 7 శాతం తేడా వస్తుంది.

ఇప్పుడు రెండూ ఆవుపాలే, ఒకటి 3.8, ఇంకొకటి 4.2 అనుకోండి. తేడా 0.4 మాత్రమే. అదే 0.2 పొరపాటు ఇక్కడ 50 శాతం తేడా తెస్తుంది!

దీని నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. మూలాలు ఎంత దగ్గరివైతే విడదీయడం అంత కష్టం. కలవక ముందటి పాలు ఎలాంటివో కూడా తెలిసి ఉండాలి.

ఇంగ్లండు ఉదాహరణ

బ్రిటన్‌లో పూర్వం కెల్టిక్ భాషలవారు ఉండేవారు. 5వ శతాబ్దం నుంచి ఉత్తర జర్మనీ, డెన్మార్కు, నెదర్లాండ్స్ తీరాల జర్మానిక్ భాషలవారు అక్కడికి వలస వచ్చారు. ఇద్దరూ ఉత్తర ఐరోపావారే కనుక ఇది రెండు ఆవుపాల లెక్క వంటిది. నేటి ఇంగ్లీషువారిది కలిసిపోయిన క్యాను. అందుకే శాస్త్రజ్ఞులు పాత సమాధుల ఎముకల నుంచి డి.ఎన్.ఏ. తీశారు. ఒక్క ఫ్యాటుకు బదులు లక్షల గుర్తులు పోల్చారు. గుర్తులు పెరిగితే పొరపాటు తగ్గుతుంది.

2022లో 'నేచర్' పత్రికలో మధ్యయుగాలకు చెందిన 460 మంది డి.ఎన్.ఏ. ఫలితాలు వచ్చాయి. తొలి మధ్యయుగంలో తూర్పు, దక్షిణ ఇంగ్లండువారిలో వలస వచ్చినవారి పాలు సగటున 76 శాతం. అయితే నేటి ఇంగ్లీషువారికి రెండు మూలాల లెక్క సరిపోలేదు. ఇనుప యుగపు ఫ్రాన్సువారిని పోలిన మూడో మూలం చేర్చవలసి వచ్చింది.

మన దేశంలో

2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ తదితరులు 25 సమూహాలను పరిశీలించారు. భారతీయులలో చాలామంది ఉత్తర, దక్షిణ పూర్వీకులనే రెండు మూలాల కలయిక అన్నారు. 2019లో హర్యానాలోని రాఖీగఢీలో దొరికిన సింధు నాగరికత కాలపు స్త్రీ డి.ఎన్.ఏ. ప్రకటించారు. అదే సంవత్సరం వచ్చిన మరో పెద్ద అధ్యయనంతో ఆ రెండు మూలాలూ కలిసిన పాలేనని తేలింది. దక్షిణాసియా ఆది వేటగాళ్ళు, ప్రాచీన ఇరాన్‌వారికి దూరపు బంధువులు, గడ్డిమైదానాల పశుపాలకులు వాటిలో ఉన్నారు. ఆది వేటగాళ్ళ కలవని డి.ఎన్.ఏ. దొరకనందున అండమాన్ ఆదివాసులను ప్రతినిధులుగా తీసుకున్నారు. మన ఆవుపాలు లేక, దాని దూరపు చుట్టం పాలతో లెక్క కట్టినట్టు!

శాతం చెప్పనిది, డి.ఎన్.ఏ. చెప్పేది

ఎముకకు భాష లేదు. బాగేపల్లి, చింతామణి పిల్లలెందరో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడతారు. ఒక తరంలో ఇంటి భాష మారిపోవచ్చు, డి.ఎన్.ఏ. అలా మారదు. 'కెల్టిక్', 'జర్మానిక్' కూడా భాషల పేర్లే. ఈ శాతాలతో కులాలకు, భాషలకు ఎక్కువతక్కువలు కట్టడం శాస్త్రం కాదు.

డి.ఎన్.ఏ. చెప్పే ఉపయోగకరమైన సంగతి వేరే ఉంది. అనేక తరాలు లోపలే పెళ్ళిళ్ళు జరిగిన సమూహాలలో కొన్ని లోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. వైశ్యులలో కొందరికి ఆపరేషన్ సమయంలో ఇచ్చే, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ప్రభావం త్వరగా తగ్గదు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. ఏ కులమైనా సరే, ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది కలిగి ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పండి.

అభ్యాసం

1. పై ఆవు, ఎనుము పాలే కలిపిన క్యానులో ఫ్యాటు 6 శాతం వస్తే ఎనుము పాలు ఎన్నో వంతు? (జవాబు: మూడింట రెండు వంతులు)
2. కొలతలో 0.1 పొరపాటు ఉంటే రెండు ఆవుపాల లెక్కలో ఎంత తేడా వస్తుంది? (జవాబు: 25 శాతం)