రాచపుండు కణముల మార్పు - ఒక లెక్క

గడ్డ కరగినదని చికిత్స మానిన రోగికి రాచపుండు (కాన్సరు) మరల తిరుగబెట్టుట గ్రామములలో కనుచున్నాము. దీనికి గల కారణములలో నొకదానిని గణితశాస్త్రము కొంతవరకు విశదపరచినది. ఆ లెక్క మెట్టసేద్య మెరిగినవారికి కఠినము కాదు.

కర్నూలు, కడప జిల్లాలలోని యొక గ్రామమున 100 చేలు కలవనుకొందము. సాగులోనున్న ప్రతి పదింటిలో రెండు మరుసటి యేట బీడుపడును. బీడుగానున్న ప్రతి పదింటిలో మూడు తిరిగి సాగులోనికి వచ్చును. మొదట నన్నియు సాగులోనున్నచో, సాగుచేలు ఏటేట 80, 70, 65 ఇట్లు తగ్గి 60 వద్ద నిలుచును. మొదట నన్నియు బీళ్ళేయైనను 30, 45, 52 దాటి, తుదకు 60కే చేరును. నిలుచుననగా మార్పు ఆగినదని కాదు. ఏటేట 12 చేలు బీడుపడగా, 12 చేలు సాగులోనికి వచ్చుచుండును. (ఈ లెక్కలో వాన మాట లేదు. వానను మరచిన లెక్కను రాయలసీమలో ఎంతవరకు నమ్మవచ్చునో చదువరులకే తెలియును.) రష్యా గణితవేత్త మార్కోవ్ 1906లో ఇట్టి లెక్కలను ప్రతిపాదించెను.

2011లో అమెరికాలో పీయూష్ గుప్తా, ఎరిక్ లాండర్ మొదలగువారు దీనిని రొమ్ము రాచపుండు కణములకు వర్తింపజేసిరి. గడ్డలోని కణములన్నియు ఒక్క తీరువి కావు. వారు మూడు స్థితులను గుర్తించిరి. అందొకటి మూలకణములను పోలినది. అది సంఖ్యలో స్వల్పము. ఒక్కొక్క రకమును వేరుపరచి గాజుపాత్రలలో పెంచగా, కొన్నిదినములకు ప్రతి పాత్రలోను పాత పాళ్ళవైపే కణములు మరలినవి. మూలకణములవంటివి లేకుండ వేరుచేసిన పాత్రలలోను అవి మరల పుట్టినవి! కనుక మందు ఒక్క రకమునే చంపినచో, మిగిలినవాటినుండి ఆ రకము తిరిగి రాగలదు.

మనకు చేరువనే, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మోహిత్ కుమార్ జాలీ బృందము, కణములు తమ చోటు విడిచి ప్రాకు స్థితికి మారు విధమును సమీకరణములతో పరిశోధించినది. ఈ మార్పున నడిమి స్థితి యొకటి కలదనియు, అందలి కణములు గుంపుగూడి కదలగలవనియు ఇట్టి పరిశోధనలు సూచించుచున్నవి.

అయితే గాజుపాత్ర వేరు, మానవదేహము వేరు. ఫలానా రోగికి వ్యాధి తిరుగబెట్టునా యని ఈ లెక్క చెప్పజాలదు. గడ్డ కంటికి కనబడకపోయినంతమాత్రమున కణములన్నియు నశించినవని తలపరాదనుటకు మాత్రమిది చాలును. చికిత్స ఎప్పుడు ముగిసినదో వైద్యుడే చెప్పవలయును.

కర్నూలులో రాష్ట్ర కాన్సరు సంస్థ కలదు. అచటికి మరల మరల పోవుటకు కూలి పోవును, బస్సు ఖర్చగును. అనేకులు నడుమ మానుట అందువలననే. పంచాయతీ సభ్యులు ఆశా కార్యకర్త ద్వారా రోగి సమ్మతితో తదుపరి తేదీ తెలిసికొని, తోడు పోవువారిని, దారి ఖర్చును ముందుగనే కుదుర్పవచ్చును. గ్రామసభలో మాత్రము రోగి పేరెత్తరాదు.